యాలకుల వాసనకు తాళం

దమ్మామ్‌లో నేను పనిచేసిన కంపెనీ తినే వస్తువుల్లో కలిపే రంగులు, వాసనలు, చిక్కదనమిచ్చే పొడులు తెచ్చి అమ్మేది. పోర్టుకు పోయే రోడ్డు పక్కన ఒక గోడౌన్, దాని మీద ఆఫీసు, ఆఫీసు వెనక ఒకప్పుడు వంటగదిగా ఉన్న చోట లాబ్. ఆ లాబ్‌కి శాస్త్రవేత్తను నేనే, అటెండర్ని నేనే, సింకు మూసుకుపోతే ప్లంబర్ని కూడా నేనే. పాలిమర్ల మీద డాక్టరేటు చేసి వచ్చాను. మా ఆవిడ అదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సు. రేపల్లె దగ్గర మా పెళ్లి జరిగినప్పుడు, అబ్బాయి డాక్టరంట, అమ్మాయి నర్సంట, భలే కుదిరిందని చుట్టాలంతా మురిసిపోయారు. నేను ఒక్క రోగి నాడి కూడా పట్టుకోలేని డాక్టర్నని వాళ్లకు తెలిసేలోపే ఇద్దరం సౌదీ వచ్చేశాం.

నా ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే అనుమతి కార్డు మీద, మాత్రం వృత్తి అన్న చోట 'సరుకు ఎక్కించే, దించే కూలీ' అని అరబిక్‌లో అచ్చయి ఉండేది. కంపెనీకి దొరికిన వీసాలు ఆ పని మీద ఇచ్చినవి కాబట్టి డాక్టరేటు ఉన్నా లేకపోయినా అందరం ఆ వాకిట్లోంచే లోపలికి రావాలి. మొదట్లో కాస్త మనసు చివుక్కుమంది. తర్వాత చూస్తే మా కంపెనీ అకౌంటెంటు తన కార్డు మీద గొర్రెల కాపరి. దాంతో నేను కుదుటపడ్డాను.

మా మేనేజర్ గారిది విజయవాడ. కెమిస్ట్రీతో ఆయన సంబంధం ఇంటర్మీడియట్‌లోనే తెగిపోయింది గానీ, దాని గురించి మాట్లాడటం మాత్రం తెగలేదు. అర్థం కాని మాట చెవిన పడితే చాలు, సాయంత్రానికల్లా అది బ్రోషర్‌లో ఎక్కేది. కంపెనీ యజమాని, అంటే మా అందరి వీసాలకు పూచీ ఉన్న కఫీల్, ఎప్పుడో వచ్చి, ఖహ్వా అనే అరబ్బు కాఫీ తాగి, గోడకున్న క్యాలెండర్ మెచ్చుకుని వెళ్లిపోయేవాడు. కాబట్టి రాజ్యం మేనేజర్ గారిదే.

అప్పట్లో అల్ ఖర్జ్‌లోని ఒక పెద్ద డైరీ వాళ్లు యాలకుల వాసనతో లబన్ తేవాలనుకున్నారు. లబన్ అంటే ఇక్కడివాళ్లు పూట పూటకూ తాగే చిక్కని మజ్జిగ. వాళ్ల షరతు ఒక్కటే. మూత తీయగానే గుప్పున కొట్టి ఆరిపోయే వాసన వద్దు. ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ దాగి ఉండి, తాగేవాడి నోట్లోకి వెళ్లాక బయటపడాలి. ఎవరు తెస్తే వాళ్లకే సప్లై. మేనేజర్ గారు నన్ను పిలిచారు.

"డాక్టరుగారూ, మీ పాలిమర్లతో ఏదైనా చెయ్యండి. స్మెల్ లోపల లాక్ అయిపోవాలి. నోట్లో పడితేనే అన్‌లాక్. అర్థమైందా?"

పని పడ్డప్పుడు నేను ఆయనకు 'డాక్టరుగారు'. పని లేనప్పుడు 'ఏమయ్యా'.

నాకు తెలిసిన దారి ఒకటుంది. పాల విరుగుడు నుంచి తీసిన ప్రోటీనును నీళ్లలో కలిపితే శుభ్రంగా కరుగుతుంది. తుమ్మబంకనూ అలాగే విడిగా కలిపితే అదీ కరుగుతుంది. రెంటినీ ఒకచోట పోసి కాస్త పులుపు చేర్చితే, అప్పటిదాకా పెద్దమనుషుల్లా దూరందూరంగా ఉన్న ఆ రెండు పొడుగాటి అణువులూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నీళ్లు గంజిలా తెల్లబడతాయి. మైక్రోస్కోపు కింద పెడితే ఆ తెలుపంతా గుండ్రటి బొట్లు, కెమిస్ట్రీ భాషలో కోఅసర్వేట్లు. రెండు బొట్లు తాకితే కలిసి ఒక్కటవుతాయి. బొట్టులో కూడా నీళ్లుంటాయి, బొట్టు చుట్టూ నీళ్లుంటాయి, అయినా ఆ రెండూ కలవవు. మధ్యలో పొర లేదు, గోడ లేదు, మూత లేదు. లోపల పాలిమర్ చిక్కగా, బయట పలచగా, అంతే తేడా. అందులో ఏదైనా చిన్న అణువును, ఒక రంగునో వాసననో, వేస్తే అది తన నైజాన్ని బట్టి లోపల చేరుతుంది, లేదా బయటే ఉండిపోతుంది.

చూడటానికి బాగుంటుందని నేను గులాబీ రంగు వేశాను. ఆ రంగుకు బొట్టు లోపలే ఇష్టం. నల్లటి నేపథ్యం మీద గులాబీ బొట్లు వెలుగుతూ కనపడ్డాయి. మేనేజర్ గారు కంటిని మైక్రోస్కోపుకు ఆనించి చాలాసేపు తీయలేదు.

"మతి పోతోందయ్యా! ఒక్క మాలిక్యూల్ కూడా బయట లేదు. టోటల్ లాక్!"

"లాక్ కాదండీ. ఇష్టపడి చేరాయి. లోపలికి వెళ్తూ, బయటికి వస్తూ ఉంటాయి. ఏ క్షణం చూసినా ఎక్కువ భాగం లోపల కనబడతాయి, అంతే."

"ఎక్కువ భాగం లోపలున్నాయి కదా?"

"ఉన్నాయి."

"దాన్నే మార్కెటింగ్‌లో లాక్ అంటారు."

వాసన నిజంగా నిలవాలంటే ఆ బొట్టు చుట్టూ పైపొర గట్టిపడేలా చెయ్యాలి, దానికి కొన్ని నెలలు పడుతుంది అన్నాను. డైరీ వాళ్లు అంతవరకు ఆగరన్నారు. ఆ రాత్రికే బ్రోషర్ ముఖచిత్రంగా నా గులాబీ బొట్టు, దాని మీద ఒక బంగారు తాళంకప్ప బొమ్మ.

ఇదే రోజుల్లో కంపెనీకి రంగు సమస్య వచ్చింది. తినే రంగు కాదు, నితాఖాత్ రంగు. ప్రతి కంపెనీలో సౌదీ ఉద్యోగులు ఇంత వంతు ఉండాలని సర్కారు లెక్క. తగినంతమంది ఉంటే ఆకుపచ్చ. తగ్గితే పసుపు. మరీ తగ్గితే ఎరుపు, అప్పుడు కొత్త వీసాలు లేవు, ఉన్నవాళ్ల ఇఖామాలు రెన్యువల్ కావు. మా కంపెనీలో కాగితం మీద సౌదీలు బాగానే ఉండేవాళ్లు. అందులో ఒకావిడ కఫీల్‌కి మేనత్త. ఆవిడ మా సేల్స్ విభాగంలో పనిచేస్తున్నట్టు మాకు ఎప్పుడూ తెలియదు, బహుశా ఆవిడకీ తెలియదు. తనిఖీలు గట్టిపడేసరికి మేనత్తలు చెల్లడం మానేశారు. నిజంగా రోజూ వచ్చే మనిషి ఒకరు కావాల్సి వచ్చింది.

అలా ఒకమ్మాయి వచ్చింది. దహ్రాన్‌లో పెరిగి, బయటి దేశంలో కెమిస్ట్రీ చదివి వచ్చిన సౌదీ అమ్మాయి. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, కింద స్పోర్ట్స్ బూట్లు. ఆమెకిచ్చిన హోదా 'పరిశోధన విభాగం అధిపతి'. ఇచ్చిన గది స్టేషనరీ దాచే గది, కాగితాల కట్టలు ఒక పక్కకు జరిపి బల్ల వేశారు. కంప్యూటర్ ఇచ్చారు, పాస్‌వర్డ్ ఇవ్వలేదు. నేను అడిగితే మేనేజర్ గారు నవ్వారు.

"మనకు గ్రీన్ కావాలి. ఆవిడ గ్రీన్. పాస్‌వర్డ్ దేనికయ్యా?"

ఆమె ఎంత ఓపికగలదో అంత తెలివైంది. మూడో వారానికి ఆ గది వదిలేసి లాబ్‌లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. మేం ఇంగ్లిషులో మాట్లాడుకునేవాళ్లం. డాక్టర్ అన్న మాట మాత్రం ఆమె నోట అరబిక్‌లో 'దక్తూర్' అయ్యేది.

"దక్తూర్, మీ బ్రోషర్ చదివాను. చదవడానికి నాకు ఇంకేం ఇవ్వలేదు కూడా. లోపలికి వెళ్లిన అణువు లోపలే ఉండిపోతుందని మీకెలా తెలుసు?"

"ఉండిపోతుందని నేను అనలేదు."

"మరి ఈ తాళం ఎవరిది?"

"మేనేజర్ గారిది."

"ఫొటోలో అణువు కదలదు కదా," అంది, బొట్టును చూస్తూ. "కదులుతుందేమో చూద్దామా?"

ఆ మాటతో నా లాబ్‌కి ప్రాణం వచ్చింది. గట్టిపరిచే ప్రయత్నాలు తర్వాత, ముందు ఈ బొట్టు లోపల అసలు ఏం జరుగుతోందో చూద్దామని మొదలుపెట్టాం. ఒకే బొట్టు, కానీ ఒక్కో అణువుకు ఒక్కో మర్యాద. గులాబీ రంగుకు విద్యుదావేశం ఉంది, అందుకని తుమ్మబంక పట్టుకుని వదలదు. ఒక చోట అతుక్కుని, విడిపడి, కాస్త జరిగి, మళ్లీ అతుక్కుంటూ చాలా నెమ్మదిగా కదులుతుంది. కుంకుమపువ్వులోని పసుపురంగుకు నీళ్లే ఇష్టం. లోపలికి రమ్మన్నా రాదు. యాలకుల వాసననిచ్చే అణువు మాత్రం లోపలికి జొరబడుతుంది గానీ ఎవరినీ పట్టుకోదు. చిక్కని పాలిమర్ సందుల్లోంచి దర్జాగా తిరిగి, అదే దర్జాతో బయటికి పోతుంది. దానికి నీళ్లంటే పడదు కాబట్టే బొట్టులోకి వచ్చింది. నీళ్లకంటే, బొట్టుకంటే దానికి నచ్చే చోటు మరొకటి దొరికితే వీడ్కోలు కూడా చెప్పదు.

"లబన్‌లో ఏముంటుంది?" అని ఆమె ఒకరోజు అడిగింది.

"పులుపు ఉంటుంది. అది మనకు మంచిదే, బొట్లు చెదరవు."

"ఇంకా?"

"కొవ్వు," అన్నాను, అనగానే నీరుగారిపోయాను. నూనె జాతికి చెందిన ఆ వాసన అణువుకు పాల కొవ్వు పుట్టిల్లు.

మేనేజర్ గారికి వెళ్లి చెప్పాం. ఆయన నా వైపే చూసి మాట్లాడారు. ఆమె ఆ గదిలో లేనట్టే.

"కొవ్వు తగ్గించమని డైరీ వాళ్లకు చెప్పండి."

"వాళ్ల లబన్‌ని మన వాసన కోసం మార్చుకుంటారాండీ?"

"అదంతా నేను చూసుకుంటాను. మీరు నెగటివ్‌గా మాట్లాడకండి."

ఆ మధ్యలోనే కార్మిక శాఖ వాళ్లు తనిఖీకి వచ్చారు. గోడౌన్ చూసుకునేది జగిత్యాల మనిషి, అందరం అన్న అని పిలుస్తాం. మెట్లెక్కి రొప్పుతూ లాబ్‌లోకి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, జల్ది కిందికి రాండ్రి! గా తెల్లకోటు ఇడిసి ఈడ పారెయ్యిండ్రి. మీ ఇఖామాల ఏముందో యాదికున్నది గదా?"

యాదికే ఉంది. కోటు విప్పి, అతనిచ్చిన చేతితొడుగులు వేసుకుని, గోడౌన్‌లో ఒక తుమ్మబంక బస్తా ముందు నిలబడ్డాను. పైనుంచి అడుగుల చప్పుడు వినిపించగానే బస్తా ఎత్తాను. అన్న నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"అట్ల పడతరా సాబ్? సంటిపిల్లను ఎత్తుకున్నట్టు పడితిరి. ఆల్లు జూస్తే నవ్వుతరు. భుజం మీదికి ఎయ్యిండ్రి!"

భుజం మీదికి వేసుకున్నాను. ఎక్కడికి మొయ్యాలో తెలియక, అక్కడికక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉన్నాను. గొర్రెల కాపరి అయిన మా అకౌంటెంటు మాత్రం ఆ పూట సెలవు పెట్టేశాడు. పాపం అతనికి గొర్రెలెక్కడ దొరుకుతాయి?

పైన తనిఖీ అధికారి లాబ్‌లోకి వెళ్లి, ఈ పనంతా ఎవరు చేస్తారని అడిగాడట. "నేనే" అందట ఆమె. అబద్ధమేమో, చూద్దామని అతను బొట్ల గురించి అడిగితే, అరగంట నిలబెట్టి బొట్లలోకి రంగు ఎలా వెళ్తుందో, ఎందుకు బయటికొస్తుందో అరబిక్‌లో పాఠం చెప్పిందట. ఆయన పారిపోయినంత పని చేశాడు. ఎవరి వృత్తి వాళ్లు చేస్తున్నారని రాసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం మేనేజర్ గారు స్వీట్లు పంచారు. నాకొకటి, అన్నకొకటి ఇచ్చారు. ఆమెకు ఇవ్వడం మర్చిపోయారు.

మా ఆవిడకు ఈ బస్తా కథ చెబితే ఆసుపత్రి డ్యూటీ అలసటంతా మర్చిపోయి నవ్వింది. నడుముకు వేడినీళ్ల సంచి పెడుతూ, "ఇన్నాళ్లకి ఇఖామాకు న్యాయం చేశారు," అంది.

డైరీ నుంచి క్వాలిటీ అధికారి వచ్చిన రోజు మేనేజర్ గారు టై కట్టారు. వచ్చినాయన సూడాన్ మనిషి. తెల్లటి గడ్డం, మాట తక్కువ. ఆయన పుట్టిన ఊరివైపు నుంచే తుమ్మబంక వస్తుంది కాబట్టి ఆ పేరు చెప్పగానే కొంచెం నవ్వాడు, ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు. మేనేజర్ గారు గులాబీ బొట్టును గోడంత చేసి చూపించారు. "మా మాలిక్యూల్ లాకింగ్ టెక్నాలజీ" అంటూ మొదలుపెట్టి అరగంట ఆపలేదు. చివరకు "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు, ఉండవన్న ధీమాతో.

వెనక కుర్చీలోంచి ఆమె చెయ్యెత్తింది.

"నేను ఒకటి చూపించొచ్చా? పరిశోధన విభాగం అధిపతిని నేనే."

అతిథి ముందు కాదనలేక మేనేజర్ గారు పళ్లు బిగించి నవ్వారు. ఆమె ఒక గాజు గొట్టం తెచ్చింది. అందులో బొట్లన్నీ కిందికి దిగి, ఒకదాంట్లో ఒకటి కలిసి, అడుగున తేనెలాంటి చిక్కటి పొరగా ఉన్నాయి. ఆ పొర గులాబీ, పైన నీళ్లు దాదాపు రంగు లేకుండా.

"చూడండి, రంగంతా లోపలే ఉంది," అన్నారు మేనేజర్ గారు, ఆమె తన తరఫునే మాట్లాడుతోందనుకుని.

ఆమె పై నీళ్లు మెల్లగా తీసేసి, కొత్త నీళ్లు పోసింది. ఖహ్వా తాగి వచ్చి చూసేసరికి పై నీళ్లకు సన్నగా గులాబీ ఛాయ వచ్చింది. మళ్లీ తీసి, మళ్లీ పోసింది. మళ్లీ వచ్చింది. అడుగు పొర కొద్దిగా వెలిసింది.

"తాళం వేసి ఉంటే పై నీళ్లు ఎన్నిసార్లు మార్చినా తేటగానే ఉండాలి," అందామె. "ఇది తాళం కాదు. లోపలికి, బయటికి రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి. బయటి నీళ్లు మారితే లెక్క మారుతుంది. ఇది బాగా అతుక్కునే రంగు, అందుకే నెమ్మదిగా వచ్చింది. యాలకుల వాసన అతుక్కోదు."

రెండో గొట్టంలో యాలకుల వాసన చేర్చిన పొర. దాని మీద వాళ్ల డైరీ లబన్ పోసి, మూత బిగించి పక్కన పెట్టింది. భోజనాలయ్యాక మూత తీసి అధికారి ముక్కు దగ్గర పెట్టింది. పైన ఉన్న లబన్ గుమగుమలాడింది. అడుగునున్న పొరను చెంచాతో తీసి ఇస్తే వాసన పెద్దగా లేదు.

మేనేజర్ గారి ముఖంలో ఒక ఆలోచన మెరిసింది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు.

"సార్, ఇది సెల్ఫ్ డిస్ట్రిబ్యూటింగ్! ఎక్కడ కావాలంటే అక్కడికి వాసన తనంతట తానే వెళ్తుంది. వరల్డ్‌లో ఎవరికీ లేదు!"

సూడాన్ ఆయన గొట్టం కింద పెట్టి, ఆమె వైపు తిరిగాడు. "దీన్ని సరిచెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. యాలకుల నూనెను సన్నటి తుంపర చేసి, దాని చుట్టూ ఈ పాలిమర్‌ని గట్టి పొరగా బిగించాలి. అప్పుడు అది గోడ. గోడకు కాలం పడుతుంది. ఈయన ముందే చెప్పారు," అని నన్ను చూపించింది.

ఆయన ఆమె ఫోన్ నంబరు అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. మేనేజర్ గారి కార్డు బల్ల మీదే ఉండిపోయింది.

"ఎంత నష్టం చేసిందయ్యా!" అని మేనేజర్ గారు వారం రోజులు నిప్పులు కక్కారు. "కూర్చోవడానికి జీతమిస్తుంటే నిలబడి మాట్లాడుతుందా?"

ఆమె దగ్గర లాబ్ తాళంచెవి తీసేసుకున్నారు. మళ్లీ స్టేషనరీ గదికి పంపించారు. ఆడవాళ్లు కారు నడపొచ్చన్న అనుమతి వచ్చిన కొత్త. ఆమె తన చిన్న తెల్ల కారు తెచ్చి, రోజూ మేనేజర్ గారి నీడ షెడ్డులో ఆపేది. ఆయన కారు ఎండలో. తిట్టడానికి భయం, ఎందుకంటే ఆమె ఆకుపచ్చ. ఆ కొద్దిరోజులు ఆఫీసులో నాకు ఎంతో హాయిగా ఉండేది.

అదే సమయంలో కుటుంబాల మీద లెవీ పెరిగింది. భార్యాపిల్లల్ని ఉంచుకోవాలంటే తలకింత కట్టాలి. మా బిల్డింగులో తెలుగు ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ప్రతి శుక్రవారం ఎవరికో ఒకరికి వీడ్కోలు భోజనం. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్తున్న ఒక కుటుంబం ఇంట్లో బిర్యానీ తిన్నాక మేనేజర్ గారు లేచి నిలబడి ఉపన్యాసమిచ్చారు.

"ఫ్రెండ్స్, మనమంతా మాలిక్యూల్సే! ఈ కంట్రీ ఒక డ్రాప్‌లెట్. మనం లాక్ అయిపోయామనుకుంటాం..."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ నా చెవిలో, "పాపం, ఇంకా లాక్ దగ్గరే ఉన్నారు," అంది. వెళ్లిపోతున్న ఇంటావిడ వంటింట్లో గిన్నెలు ఎవరికివ్వాలో తేల్చుకోలేక ఏడుస్తోంది. ఆవిడకు ఏ డ్రాప్‌లెట్టూ అక్కర్లేదు, ఆ ప్రెషర్ కుక్కర్ బరువుకు సామాను పరిమితి దాటుతుందన్నదే బాధ. ఆమె గిన్నెల్ని మా ఆవిడ తీసుకుంది.

ఆ తర్వాతి నెలలోనే మా సౌదీ అమ్మాయి రాజీనామా ఇచ్చింది. అల్ ఖర్జ్ డైరీ వాళ్లు తమ లాబ్‌కి రమ్మన్నారు. మేనేజర్ గారు సంతోషంగా సంతకం పెట్టారు.

"పీడ వదిలింది. ఇంకో అమ్మాయిని తెచ్చుకుందాం. ఏముంది, డిగ్రీ ఉంటే చాలు."

తెచ్చుకోవడం అంత సులభం కాలేదు. అందరు యజమానులూ అదే పనిలో ఉన్నారు. ఒకబ్బాయి వచ్చి, గది చూసి, ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ఒకమ్మాయి పాస్‌వర్డ్ ముందే ఇవ్వమంది. ఈలోగా కంపెనీ రంగు ఆకుపచ్చ నుంచి జారింది. పసుపు దగ్గర కొంచెం ఊగి, ఎరుపులో పడింది. ఆమె ఒక్కతే మా అందరి ఇఖామాల్నీ పట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది. అన్న ఇఖామా గడువు తీరింది. మేనేజర్ గారిది కూడా తీరబోతోంది.

ఆయన ఆమెకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, మీరు మళ్లీ వస్తే లాబ్ మొత్తం మీదే. పెద్ద గది. పాస్‌వర్డ్ మీ ఇష్టమొచ్చింది పెట్టుకోవచ్చు."

అవతలి నుంచి ఏదో సమాధానం వచ్చింది. ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. "నీతో మాట్లాడుతుందట."

"దక్తూర్," అంది ఆమె. "కంపెనీ ఎరుపులో ఉంటే ఉద్యోగి కఫీల్ అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. మీకు తెలుసా?"

నాకు తెలియదు. తమ లాబ్‌లో నాకు చోటుందని కూడా చెప్పింది. ఎదురుగా మేనేజర్ గారు ఆశగా నా ముఖంలోకి చూస్తున్నారు.

"ఏమంటోంది? వస్తానందా?"

"ఆలోచిస్తానంటోందండీ," అన్నాను. ఆలోచించాల్సింది ఎవరన్నది ఆయన అడగలేదు.

ఆ రాత్రి మా ఆవిడ నాకంటే ముందు నిర్ణయం తీసేసుకుంది. "వెళ్లండి. నాకు ఇక్కడ డ్యూటీ ఉంది, మీకు అక్కడ పని ఉంటుంది. వారాంతాలకి రియాద్ నుంచి రైలుంది. ఇంట్లో కూర్చుని ఆ మనిషి ఉపన్యాసాలు నాకు మళ్లీ చెప్పడం కంటే అదే నయం."

అలా నేను అల్ ఖర్జ్ చేరాను. కొత్త ఇఖామాలో 'కెమిస్ట్' అని రాశారు. జగిత్యాల అన్న కూడా అక్కడే గోడౌన్‌లో చేరాడు. కొత్త కార్డు నాకు చూపిస్తూ, "ఇగ బస్తాలు నాయి, సీసాలు మీయి," అన్నాడు. ఆమె నాకు అధికారిణి. చాలా కఠినం. తప్పు చేస్తే "దక్తూర్, ఇది ఫొటోనా, ప్రయోగమా?" అనేది. ఆ ఒక్క మాటకు నేను అన్నం మానేసి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని.

యాలకుల నూనెను తుంపర చేసి, దాని చుట్టూ పాలిమర్ పొరను చేర్చి, ఆ పొరను ఒక ఎంజైముతో గట్టిపరిచాం. ఎన్నిసార్లు పాడయిందో చెప్పలేను. గట్టిపడితే నోట్లో కూడా విడవలేదు, మెత్తగా ఉంటే సీసాలోనే విడిచింది. చివరికి ఒకరోజు కుదిరింది. లబన్ మూత తీస్తే లబన్ వాసనే. గుక్క మింగాక గొంతులో యాలకులు. సూడాన్ ఆయన రెండు గ్లాసులు తాగి, గడ్డం తుడుచుకుని, ఈసారి నవ్వాడు. మా ఆవిడకు ఒక సీసా పట్టుకెళ్లి ఇచ్చాను. తాగి, కాసేపు ఆలోచించి, "బాగానే ఉంది. కానీ మజ్జిగలో యాలకులేంటండీ?" అంది.

నేను నొచ్చుకున్నాను. నర్సులకు రుచేం తెలుసు అనుకున్నాను.

సీసా బజారులోకి వెళ్లింది. రియాద్ నుంచి ఉనైజా దాకా ప్రతి షాపులోనూ పెట్టారు. కొన్నవాళ్లు మా ఆవిడ అన్నదే అన్నారు, అరబిక్‌లో. యాలకులు ఖహ్వాలో వేస్తారు గానీ లబన్‌లో వేస్తారా, మీకేమైనా పిచ్చా అని. రెండు సీజన్లు చూసి డైరీ వాళ్లు దాన్ని ఆపేశారు. మామూలు లబన్ ఎప్పటిలాగే అమ్ముడుపోయింది.

మేనేజర్ గారు కఫీల్‌తో గొడవపడి, మరెవరి ద్వారానో బయటపడి, ఇప్పుడు రియాద్‌లో స్ప్రేలు అమ్మే కంపెనీలో ఉన్నారు. ఆమె దగ్గరికి ఒకసారి అప్లికేషన్ పంపారు. అందులో అనుభవం అన్న చోట 'కోఅసర్వేట్ టెక్నాలజీ రూపకర్త' అని ఉంది. ఆమె అది చదివి నాకు చూపించి, డ్రాయర్‌లో పెట్టింది. ఇంటర్వ్యూకి పిలిచింది కూడా. ఆయన రాలేదు. చిన్నపిల్ల ముందు కూర్చోవడానికి మనసొప్పలేదని తెలిసింది.

మా పొర బిగించే పద్ధతి మాత్రం వృథా కాలేదు. డైరీ దాణా విభాగం వాళ్లు దాన్ని తీసుకున్నారు. ఎండాకాలంలో ఆవులు మేత తగ్గిస్తాయి. దాణాలో వాసన కలిపితే ఇష్టంగా తింటాయట, కానీ ఎండకు వాసన ఎగిరిపోతుంది. మా బొట్లలో పెడితే ఎగరదు. గోడౌన్‌లో మిగిలిపోయిన యాలకుల సరుకంతా దాణా మిల్లుకు పంపారు.

మొన్న వేసవిలో ఆమె, నేను షెడ్డు చూడటానికి వెళ్లాం. పెద్ద ఫ్యాన్లు నీటి తుంపరలు చల్లుతున్నాయి. వరుసగా ఆవులు తలలు దించి నములుతున్నాయి. ఒకటి తల ఎత్తి, తడి మూతి నా చొక్కాకు రాసి, ముఖం మీద వేడిగా ఊపిరి వదిలింది. దహ్రాన్ పిల్ల కూడా దగ్గరికి వచ్చి ఆ ఊపిరి వాసన చూసింది.

"ఖహ్వా వాసన," అంది.

"కాదండీ, మా ఊరి టీకొట్టు," అన్నాను.

ఆవు మా ఇద్దరినీ పట్టించుకోకుండా మళ్లీ తొట్టిలో మూతి పెట్టింది.